గుమ్మాలు లేని దారి

మీరు అడిగినది ఇది: ఊరి పక్క రోడ్డును నాలుగు వరుసలు చేసి, మధ్యలో డివైడర్ కట్టి, తెల్లగీతలు గీశారు; ఇప్పుడు దాన్ని హైవే అనవచ్చా? అలాగైతే రెండు వరుసలే ఉన్న కొన్ని రోడ్లను పటంలో జాతీయ రహదారులని ఎందుకు చూపిస్తారు? ఎక్స్‌ప్రెస్‌వే అన్నది మళ్ళీ వేరే రకమా? నేను ఇరవై ఆరేళ్ళుగా రోడ్ల రూపకల్పన పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, జవాబుగా చాలామంది వెడల్పు కొలతలు చెబుతారు. వెడల్పుతో మొదలుపెడితే ఈ విషయం ఎప్పటికీ తేలదు. అందుకే కొంచెం విడమరచి రాస్తున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. హైవే అన్న ఒక్క మాటను న్యాయవాది, ప్రభుత్వాధికారి, ఇంజనీరు మూడు వేర్వేరు అర్థాలతో వాడతారు. న్యాయవాదికి హైవే అంటే ఎవరి అనుమతీ అడగకుండా ప్రజలందరూ రాకపోకలు సాగించగల దారి. ఇంగ్లండు చట్టంలో పొలాల మధ్య నుంచి పోయే కాలిబాట కూడా హైవే కిందికే వస్తుంది. 1931లో అక్కడ తొలిసారి వెలువడిన హైవే కోడ్ అనే నియమావళి చిన్న వీధికీ పెద్ద రోడ్డుకూ ఒకేలా వర్తించడానికి కారణం ఇదే.

ప్రభుత్వాధికారికి హైవే అంటే బాధ్యత ఎవరిది అన్న లెక్క. ఈ రోడ్డుకు డబ్బు ఎవరిస్తారు, గుంత పడితే ఎవరు పూడుస్తారు, పక్క స్థలం ఎవరి అధీనంలో ఉంటుంది అన్నవి ఆయనకు ముఖ్యం. భారతదేశంలో 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన రోడ్డు జాతీయ రహదారి అవుతుంది. ప్రకటనతో వచ్చే హోదా అది. కొండల మధ్య రెండు వరుసలే ఉన్నా, అంతకన్నా ఇరుకుగా ఉన్నా ఆ హోదా పోదు. అమెరికాలో ఏర్పాటు వేరు. అదే 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో ఊపందుకున్న ఇంటర్‌స్టేట్ రహదారుల ఖర్చులో 90 శాతం కేంద్రం భరించింది, రోడ్లు మాత్రం రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. అంకెలు కూడా ఇలాంటి పాలనా సౌకర్యం కోసమే. అమెరికా ఇంటర్‌స్టేట్‌లలో ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి బేసి అంకెలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి సరి అంకెలు ఇచ్చారు. భారతదేశంలో 2010లో తెచ్చిన కొత్త పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. అంకెను బట్టి రోడ్డు ఎటు పోతుందో తెలుస్తుంది, ఎంత మంచిదో తెలియదు.

మన రహదారి అన్న మాటలోనూ ఈ అధికారి దాగి ఉన్నాడు. పారశీకంలో రాహ్ అంటే దారి, రాహ్‌దార్ అంటే దారి కాపలాదారు, రాహ్‌దారీ అంటే అతను బాటసారుల నుంచి వసూలు చేసే సుంకం. మొఘలుల కాలంలో ఈ సుంకం పేరు అదే. సుంకానికి ఉన్న పేరు మన భాషకు వచ్చి దారికే పేరయింది. టోల్ గేటు దగ్గర ఆగిన ప్రతిసారీ నాకు ఈ మాట గుర్తుకు వస్తుంది.

ఇక ఇంజనీరు అర్థం. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది.

ఏ రోడ్డయినా రెండు పనులు చేస్తుంది. ఒకటి, మనిషినీ సరుకునూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం. రెండు, దారి పక్కనున్న ఇంటికి, అంగడికి, బడికి, పొలానికి గుమ్మంగా ఉండటం. ఈ రెండు పనులకూ ఒకదానితో ఒకటి పొసగదు. సాగిపోయే వాహనానికి ఎవరూ అడ్డు రాకూడదు. గుమ్మంలో నిలబడ్డ మనిషికి వాహనాలు నెమ్మదిగా పోవాలి, ఆగాలి, వెనక్కి మళ్ళాలి. వీధి రెండో పని కోసం ఉంటుంది. హైవే మొదటి పని కోసం రెండోదాన్ని వదులుకుంటుంది. ఎంత పూర్తిగా వదులుకుంటే అంత పూర్తి హైవే. రోడ్డు శాస్త్రంలో ఇంతకన్నా ముఖ్యమైన విషయం నాకు తెలియదు.

పంట కాలువలు చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ప్రధాన కాలువ నుంచి ఎవరూ నేరుగా మడికి నీళ్ళు పెట్టుకోరు. ప్రధాన కాలువ నుంచి తూము ద్వారా పంపిణీ కాలువకు, దాని నుంచి పిల్ల కాలువకు, పిల్ల కాలువ నుంచి మడికి నీళ్ళు చేరతాయి. కట్ట పక్కన పొలం ఉన్న ప్రతివారూ ప్రధాన కాలువకు గండి కొట్టుకుంటే చివరి ఆయకట్టు ఎండిపోతుంది, గండి పడ్డ చోట పొలం మునుగుతుంది. రోడ్లకూ అంతే. ఇంటి ముందు వీధి, వీధులను కలిపే పెద్ద వీధి, పెద్ద వీధులను కలిపే రోడ్డు, ఆ రోడ్లు మాత్రమే వచ్చి చేరే హైవే. ఏ అంచెలో రోడ్డుకు ఆ అంచె పని మాత్రమే అప్పగించాలన్నది నెదర్లాండ్స్‌లో 1990ల నుంచి రోడ్ల భద్రతా విధానానికి పునాది. అక్కడ రోడ్లను మూడు తరగతులుగా విడదీశారు: సాగిపోవడానికి, పంచడానికి, ఇంటికి చేరడానికి. రెండు తరగతుల పని ఒకే రోడ్డు చేయడాన్ని అక్కడ లోపంగా చూస్తారు.

అందుకని హైవేను గుర్తుపట్టాలంటే వరుసలు లెక్కపెట్టకండి, గుమ్మాలు లెక్కపెట్టండి. కిలోమీటరు పొడవునా ఎన్ని చోట్ల పక్క నుంచి వాహనం నేరుగా రోడ్డెక్కగలదు? ఎన్ని చోట్ల డివైడర్ తెగి ఉంది? ఎన్ని చోట్ల మనుషులు అడ్డంగా దాటుతున్నారు? ఆ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే రోడ్డు హైవేకు అంత దగ్గర.

గండి అంటే ఎంత ప్రమాదమో లెక్క ఉంది. రెండు రోడ్లు ఒకే మట్టంలో నాలుగు దిక్కుల కూడలిగా కలిస్తే, వాహనాల దారులు ఒకదాన్నొకటి కోసుకునే, కలిసే, విడిపోయే బిందువులు మొత్తం 32. మూడు దారులు కలిసే చోట 9. హైవే మీద ఒక రోడ్డును ఇంకో రోడ్డు మీదుగా వంతెనతో దాటించి, కలవాల్సిన వాహనాలను పక్క వాలుదారుల ద్వారా కలిపితే, అడ్డంగా కోసుకునే బిందువు రెండు ప్రధాన ప్రవాహాల మధ్య ఒక్కటీ మిగలదు. మిగిలేవి ఒకే దిశలో కలవడం, విడిపోవడం. ఎదురెదురుగానో పక్క నుంచో గుద్దుకోవడానికీ, ఒకే దిశలో పోతూ రాసుకోవడానికీ ఎంత తేడా ఉందో ఊహించవచ్చు. అమెరికాలో నాలుగు రేకుల ఆకులా కనిపించే మొదటి ఇంటర్‌ఛేంజ్‌ను, అంటే ఇలాంటి వంతెన కూడలిని, 1929లో న్యూజెర్సీలోని వుడ్‌బ్రిడ్జ్ దగ్గర కట్టారు. పైనుంచి చూస్తే అందంగా ఉంటుంది. అది పుట్టింది మాత్రం ఆ బిందువులను చెరిపేయడానికే.

డివైడర్‌లో ఖాళీ ఎలా పనిచేస్తుందో దగ్గర నుంచి చూసిన ఒక సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నాలుగు వరుసల రోడ్డు మీద తరచూ ప్రమాదాలు జరిగే చోటును పరిశీలించడానికి వెళ్ళాను. మొదట గీసిన డ్రాయింగులో అక్కడ ఖాళీ లేదు. రోడ్డు పూర్తయ్యాక ఒత్తిళ్ళు వచ్చి డివైడర్‌ను పగలగొట్టి ఇచ్చారు. ఒక పెద్దాయన సైకిలు వెనక పెద్ద గడ్డిమోపు కట్టుకుని అంచున నిలబడ్డాడు. వాహనాలు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాయి, అంటే సెకనుకు 25 మీటర్లు. 200 మీటర్ల అవతల, చిన్నగా, దూరంగా కనిపించే లారీ ఎనిమిది సెకన్లలో ఆయన ముందుంటుంది. రెండు వరుసలు, అంచు పట్టీలు కలిపి దాటాల్సింది పది మీటర్లు. బరువున్న సైకిలు నెట్టుకుంటూ పోతే పది సెకన్లు పడుతుంది. కంటికి దూరంగా తోచిన లారీ లెక్కలో దగ్గరగా ఉంది. ఆయన ఆరుసార్లు అడుగు ముందుకు వేసి ఆరుసార్లు వెనక్కి తీశాడు. ఏడోసారి మధ్యకు చేరాడు. డివైడర్ వెడల్పు 1.2 మీటర్లు, సైకిలు పొడవు 1.8 మీటర్లు. నిలువుగా నిలబెడితే ముందు చక్రమో వెనక చక్రమో వాహనాల వరుసలోకి పొడుచుకొస్తుంది. ఆయన సైకిలును డివైడర్ వెంబడి పక్కకు తిప్పి, గడ్డిమోపును ఒంటితో ఆనించి పట్టుకుని, రెండో సగం కోసం వేచి ఉన్నాడు. రోజూ చేసే పనిలా చేశాడు. ఆ 60 సెంటీమీటర్ల తేడాను ఏ డ్రాయింగూ లెక్కలోకి తీసుకోలేదు. అప్పటి నుంచి డివైడర్ వెడల్పు నిర్ణయించేటప్పుడు నేను సైకిలు పొడవు అడుగుతాను.

వేగం సంగతికి వద్దాం. ఎందుకంటే హైవే ఆకారం మొత్తం వేగంలోంచే పుడుతుంది. గీత గీయడానికి ముందే మేము రూపకల్పన వేగం, అంటే ఏ వేగానికి సరిపడేలా రోడ్డు వేయాలన్నది, నిర్ణయిస్తాం. ఆ ఒక్క అంకె నుంచి మిగతా అంకెలన్నీ వస్తాయి. డ్రైవరు అడ్డంకిని చూసి, అది అడ్డంకి అని గ్రహించి, బ్రేకు మీద కాలు పెట్టేదాకా రెండున్నర సెకన్లు పడుతుందని లెక్క వేసుకుంటాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ రెండున్నర సెకన్లలోనే బండి దాదాపు 70 మీటర్లు పోతుంది, ఇంకా బ్రేకు పడనే లేదు. ఆపైన ఆగడానికి 110 మీటర్లకు పైగా కావాలి. మొత్తం దాదాపు 185 మీటర్లు. అదే 50 కిలోమీటర్ల వేగంలో 65 మీటర్లు చాలు. వేగం రెట్టింపయితే ఆగే దూరం దాదాపు మూడింతలవుతుంది, గుద్దుకున్నప్పటి శక్తి నాలుగింతలవుతుంది. అంటే హైవే మీద ప్రతి చోటా, మలుపులోనూ, మిట్ట ఎక్కేటప్పుడూ, డ్రైవరుకు ముందున్న 185 మీటర్లు కనబడుతూనే ఉండాలి. మిట్టలను చదును చేసేది, మలుపు లోపలి వైపు చెట్లనూ గట్లనూ తొలగించేది ఇందుకోసమే.

మలుపుల్లో తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 30 కిలోమీటర్ల వేగంతో పోయే వీధికి 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు సరిపోతుంది. 100 కిలోమీటర్లకు దాదాపు 400 మీటర్లు కావాలి. హైవేలు మరీ ఎక్కువ స్థలం మింగుతాయని వచ్చే ఫిర్యాదులో నిజముంది. వరుసల వెడల్పుతో పాటు ఈ మలుపులూ అందుకు కారణం. ఇక మలుపులో రోడ్డును బయటి అంచు ఎత్తుగా ఉండేట్టు వాలుగా వేస్తాం. తిన్నని దారి నుంచి మలుపులోకి ఒక్కసారిగా ప్రవేశపెట్టం. మధ్యలో, వంపు కొద్దికొద్దిగా పెరిగే ఒక ముక్క కలుపుతాం. ఎందుకంటే ఏ డ్రైవరూ స్టీరింగును ఒక్క క్షణంలో తిప్పలేడు, నెమ్మదిగా తిప్పుతాడు. రోడ్డు అతని చేతులు కదిలే తీరునే అనుసరించాలి. బాగా వేసిన మలుపులో ప్రయాణికుడికి నిద్రాభంగం కాదు. ముక్క సరిగా కలపని మలుపులో పక్కవాడి మీదికి ఒరుగుతాడు. తిన్నటి దారి ఎంత పొడవుంటే అంత మంచిదనుకోవడమూ పొరపాటే. కిలోమీటర్ల తరబడి తిన్నగా పోతే కళ్ళు మూతపడతాయి, వేగం తెలియకుండా పెరుగుతుంది. అందుకే నేల సమంగా ఉన్నా అక్కడక్కడ తేలికపాటి వంపులు పెడతాం.

వరుస వెడల్పు గురించి క్లుప్తంగా: హైవే మీద ఒక్కో వరుస 3.5 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. వీధిలో 3 మీటర్లు చాలు. ఎక్కువ ఇస్తే మంచిదే కదా అని వీధిలోనూ 3.5 మీటర్లు ఇస్తే, డ్రైవరు కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద బరువు పెంచుతుంది. వేగం బోర్డు చూసి కాదు, రోడ్డు చూసి నడుపుతారు. ఇళ్ళ మధ్య విశాలమైన, తిన్నని, నున్నని రోడ్డు వేసి 40 అని బోర్డు పెట్టడం అంటే చేత్తో పిలుస్తూ నోటితో రావద్దనడమే.

కంటికి కనిపించని తేడా రోడ్డు కింద ఉంది. రోడ్డు పాడయ్యేది ఎక్కువగా కార్ల వల్ల కాదు. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రం, ఒటావా పట్టణం దగ్గర 1958 నుంచి 1960 వరకు ఒక పెద్ద ప్రయోగం చేశారు. రకరకాల మందాలతో రోడ్లు వేసి, వాటి మీద లారీలను రెండేళ్ళపాటు గుండ్రంగా తిప్పుతూ ఎప్పుడు ఏ ముక్క పగులుతుందో కొలిచారు. తేలిన విషయం ఇది: ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు అవుతుంది. నష్టం బరువు నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. 10 టన్నుల ఇరుసు ఒక్కసారి పోవడం, అర టన్ను ఇరుసు లక్షా అరవై వేలసార్లు పోవడంతో సమానం. మీ వీధిలో ఏళ్ళ తరబడి కార్లు తిరిగినా చెక్కుచెదరని తారు, భారీ లారీల దారిలో ఒక్క వానాకాలం నిలవకపోవడానికి ఇదే కారణం. అందుకని హైవే కింద చదును చేసి దిమ్మిస కొట్టిన నేల, దాని మీద నీళ్ళు ఇంకిపోయే కంకర పొర, మరో గట్టి కంకర పొర, ఆపైన తారు పొరలు లేదా కాంక్రీటు పలక ఉంటాయి. నల్లగా కనిపించేది పై చర్మం మాత్రమే. రెండు వందల ఏళ్ళ కిందట స్కాట్లాండుకు చెందిన రోడ్ల నిర్మాత మెకాడమ్ చెప్పిన మాట ఇప్పటికీ పని చేస్తోంది: బరువు మోసేది చివరికి నేలే, ఆ నేలను పొడిగా ఉంచగలిగితే రోడ్డు నిలుస్తుంది. రోడ్డు మధ్య నుంచి పక్కలకు రెండు, రెండున్నర శాతం వాలు ఇచ్చేది, పక్కన కాలువలు తవ్వేది నీటిని దూరం పెట్టడానికే. కొత్త రోడ్డు చూడటానికి వెళితే నేను ముందు పక్క కాలువలోకి తొంగి చూస్తాను. అది పూడిపోయి ఉంటే పైన ఎంత నున్నగా ఉన్నా దాని ఆయుష్షు తక్కువే.

అంచులు కూడా చూడండి. వీధి అంచున నడిచే దారి ఉంటుంది, చెట్టు ఉంటుంది, స్తంభం ఉంటుంది, అన్నీ ఉండవలసినవే. హైవే అంచున చెడిపోయిన బండి ఆగడానికి గట్టి పట్టీ ఉండాలి. నిద్రమత్తులో చక్రం పక్కకు జరిగితే గరగరమని మోగి లేపే గాట్లు ఉండాలి. ఆ తర్వాత దాదాపు 9 మీటర్ల దాకా స్తంభాలు, లావు చెట్లు లేని ఖాళీ నేల ఉంటే మేలు, లేకపోతే ఇనుప కంచె కావాలి. మనిషి తప్పు చేస్తాడని ముందే ఒప్పుకుని వేసిన రోడ్డు ఇది. తప్పుకు ప్రాణం మూల్యం కాకూడదన్న ఆలోచనను స్వీడన్ పార్లమెంటు 1997లో జాతీయ విధానంగా ఆమోదించింది. మరుసటి ఏడాది నుంచి అక్కడ ఉన్న రోడ్లనే మూడు వరుసలుగా మార్చి, మధ్యలో తీగల కంచె వేయడం మొదలుపెట్టారు. కొంత దూరం ఒక దిశకు రెండు వరుసలు, ఇంకొంత దూరం ఎదుటి దిశకు రెండు. ముందు బండిని దాటడానికి ఎదురు వరుసలోకి పోవలసిన అవసరమే లేకుండా పోయింది. ఆ రోడ్ల మీద మరణాలు బాగా తగ్గాయి. నాలుగు వరుసలకు స్థలం, డబ్బు లేని చోట్లకు ఇంతకన్నా తెలివైన ఉపాయం నేను చూడలేదు.

ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే. గుమ్మాలను పూర్తిగా మూసేసిన హైవేయే అది. ఎక్కడానికీ దిగడానికీ నిర్ణీత స్థానాలు మాత్రమే, ఒకే మట్టంలో కూడళ్ళు ఉండవు, సిగ్నళ్ళు ఉండవు, పాదచారులకూ నెమ్మదిగా పోయే బండ్లకూ ప్రవేశం ఉండదు. కాబట్టి ప్రతి ఎక్స్‌ప్రెస్‌వే హైవేయే, ప్రతి హైవే ఎక్స్‌ప్రెస్‌వే కాదు. దేశాన్ని బట్టి పేర్లు మారతాయి: ఇటలీలో ఆటోస్ట్రాడా, జర్మనీలో ఆటోబాన్, బ్రిటన్‌లో మోటార్‌వే, అమెరికాలో ఫ్రీవే. ఆ చివరి పేరును చాలామంది టోల్ లేని రోడ్డు అనుకుంటారు. 1930లో ఆ మాటను ప్రతిపాదించిన ఎడ్వర్డ్ బాసెట్ అనే అమెరికన్ న్యాయవాది, పట్టణ ప్రణాళికావేత్త ఉద్దేశం వేరు. పక్క స్థలాల యజమానులకు రోడ్డు మీదికి నేరుగా వచ్చే హక్కు ఉండని దారి అని ఆయన నిర్వచించాడు. గుమ్మాల నుంచి స్వేచ్ఛ అన్నమాట. కార్లకు మాత్రమే కేటాయించిన దారులు అంతకు ముందే వచ్చాయి. బెర్లిన్‌లో అవుస్ రోడ్డు 1921లో తెరుచుకుంది. ఇటలీలో మిలాన్ నుంచి సరస్సుల వైపు ఇంజనీరు పియెరో పురిచెల్లి వేసిన దారిలో తొలి భాగం 1924లో తెరుచుకుంది. ఆ తర్వాత జర్మనీలో కొలోన్, బాన్ నగరాల మధ్య రోడ్డు 1932లో వచ్చింది. బ్రిటన్‌లో తొలి మోటార్‌వే భాగం, ప్రెస్టన్ పట్టణాన్ని తప్పించే బైపాస్, 1958 డిసెంబరులో ప్రారంభమయింది.

ఇంకో వైపు చూస్తే, ఆస్ట్రేలియా చుట్టూ తిరిగే హైవే 1 దాదాపు 14,500 కిలోమీటర్లు. అందులో చాలా భాగం రెండు వరుసల రోడ్డే, అయినా దాన్ని హైవే కాదనేవారు లేరు. అక్కడ ఊళ్ళ మధ్య దూరమే గుమ్మాలను మూసింది, కంచెలు అక్కరలేకపోయాయి. రెండు వరుసల జాతీయ రహదారి గురించి మీ సందేహానికి సగం జవాబు చట్టం, మిగతా సగం ఇది. ఎవరూ అడ్డు రాని రెండు వరుసలు, గడపగడపకూ తెగిన ఆరు వరుసల కన్నా మేలైన హైవే.

చిక్కంతా తెగిన రోడ్లతోనే. ఊరిని తప్పించడానికి బైపాస్ వేస్తారు. మొదటి ఏడాది అది ఖాళీగా, హాయిగా ఉంటుంది. వాహనాలు పోయే చోట గిరాకీ ఉంటుంది కాబట్టి దాని అంచున ఒక అంగడి వెలుస్తుంది, తర్వాత పది, తర్వాత ఇళ్ళు, బడి. ప్రతిదానికీ ఒక గుమ్మం, ప్రతి గుమ్మానికీ డివైడర్‌లో ఒక ఖాళీ కావాలి. పదేళ్ళలో బైపాస్ ఊరి ప్రధాన వీధి అవుతుంది, దాన్ని తప్పించడానికి ఇంకో బైపాస్ గీయమని మమ్మల్ని అడుగుతారు. ఇది ఒక దేశం జబ్బు కాదు. బ్రిటన్‌లో రోడ్ల వెంబడి రిబ్బనులా పెరిగే కట్టడాలను అదుపు చేయడానికి 1935లోనే ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. ఇలాంటి రోడ్డు రెండు వైపులా చెడ్డది. దూరం పోయేవారికి ఆలస్యం, పక్కనున్నవారికి ప్రాణభయం. అంగడి పెట్టినవారిని నేను తప్పుపట్టను. పక్కన సర్వీసు రోడ్డు వేయకుండా, ప్రవేశాలను నియంత్రించకుండా హైవేను వదిలేసినప్పుడే ఆ తప్పు జరిగిపోయింది.

హైవే ఎక్కడ ఉండకూడదో కూడా చెప్పాలి. ఈ రోడ్లు వేసే పనిలో ఉన్నా, నగరం గుండెల్లోంచి హైవేను తీసుకుపోవడం పొరపాటని నా గట్టి అభిప్రాయం. గుమ్మాలు ఉండటమే నగరం లక్షణం. అక్కడ గుమ్మాలు మూసే రోడ్డు రెండు పేటల మధ్య గోడవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో తీరం వెంట రెండంతస్తుల ఎంబార్కడెరో ఫ్రీవే 1989 భూకంపంలో దెబ్బతింది. దాన్ని మళ్ళీ కట్టకుండా 1991లో కూల్చారు, తీరం మళ్ళీ జనానికి దక్కింది. దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో చంగేచన్ అనే వాగును కప్పేసి కట్టిన ఎత్తు రహదారిని 2003లో తొలగించడం మొదలుపెట్టి, 2005 నాటికి వాగును తిరిగి బయటికి తెచ్చారు. మనుషులకే కాదు, జంతువులకూ హైవే గోడే. కెనడాలోని బాన్ఫ్ జాతీయ ఉద్యానంలో ట్రాన్స్ కెనడా రహదారికి రెండు వైపులా కంచె వేసి, జంతువులు దాటడానికి చెట్లు పెంచిన వంతెనలు, సొరంగ మార్గాలు కట్టారు. ఎలుగుబంట్లు, తోడేళ్ళు, దుప్పులు వాటిని వాడుకుంటున్నాయి. గుమ్మం మూసినప్పుడు దాటే దారి ఇవ్వడం మన బాధ్యత. అది లేని హైవేను నేను సగం కట్టిన పనిగానే చూస్తాను.

మీ ఊరి పక్క రోడ్డు సంగతి. ప్రభుత్వ పత్రాల్లో దాని హోదా ఏదైనా కావచ్చు, ఆ అర్థంలో హైవే అనవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి డివైడర్ మూడు నాలుగు వందల మీటర్లకు ఒకసారి తెగి ఉంది, అంగళ్ళ మెట్లు నేరుగా రోడ్డు మీదికి దిగుతున్నాయి, పిల్లలు బడికి అడ్డంగా దాటుతున్నారు. పని తీరులో అది వీధి, వేగంలో మాత్రం హైవే. ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. హైవేగా ఉంచాలనుకుంటే అంగళ్ళ వైపు సర్వీసు రోడ్డు వేసి, దాన్ని కొద్ది చోట్ల మాత్రమే ప్రధాన రోడ్డుతో కలపాలి, ఖాళీలు మూయాలి, మనుషులకూ సైకిళ్ళకూ అండర్‌పాస్‌లు కట్టాలి. వీధిగా ఒప్పుకుంటే వరుసలు ఇరుకు చేసి, దాటే చోట మట్టం ఎత్తు చేసి, గుండ్రటి కూడళ్ళు పెట్టి వేగాన్ని 50 లోపుకు దించాలి, బోర్డుతో కాదు, రోడ్డు ఆకారంతో. గ్రామ సభలో అర్జీ ఇచ్చేటప్పుడు ‘స్పీడ్ బ్రేకర్ కావాలి’ అని మాత్రం రాయకండి. వేగంగా వచ్చే రోడ్డు మీద హఠాత్తుగా ఎదురయ్యే స్పీడ్ బ్రేకర్ కొత్త ప్రమాదం.

అండర్‌పాస్ అడిగితే రెండు విషయాలు పట్టుబట్టండి. అవతలి వైపు వెలుతురు ఇవతలి నుంచి కనబడాలి, నేల వాన నీళ్ళు నిలిచేంత లోతులో ఉండకూడదు. చీకటిగా, తడిగా ఉంటే జనం దాన్ని వదిలేసి మళ్ళీ పైనుంచే దాటతారు. ఎక్కడ కట్టాలో చెప్పడానికి సర్వే కోసం ఆగనక్కరలేదు. ఒక ఉదయం డివైడర్ వెంబడి నడిచి చూడండి. గడ్డి చచ్చిపోయి, మట్టి నున్నగా అరిగిపోయిన చోట్లు రెండో మూడో కనిపిస్తాయి. వాటి ఫోటోలు తీసి, కిలోమీటరు రాయి నుంచి ఎంత దూరమో కొలిచి అర్జీకి జత చేయండి.